మూడు రేకుల మూల

హీయుమా దీవి పడమటి కొసన
జూనిపర్ పొదల మధ్య ఒక కొయ్య గది.
అందులో నేనూ, రైగో అనే కుర్రాడూ,
పొద్దుటే చల్లారిన కాఫీ ఫ్లాస్కూ.

పక్క గుట్ట మీది రాడార్‌ది వేరే పద్ధతి.
కేకేస్తుంది, జవాబు కోసం ఆగుతుంది.
మాది నోరులేని యంత్రం.
గిన్నెలాంటి మొహాన్ని నీటివైపు తిప్పి
ఏది ఎంత వెచ్చగా గొణుగుతోందో
వింటుంది, అంతే.

లోకంలో నిజంగా నోరు మూసుకున్నది లేదని
ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది నాకు.
రాయి గొణుగుతుంది. తడి ఇసుకా గొణుగుతుంది.
సముద్రం మాత్రం గడుసుది,
తన మాట సగం మింగేసి
మిగతా సగం ఆకాశపు చలితో నింపుతుంది.
ఇనుప ఓడ మరీ పిసినారి,
సొంతంగా ఒక్క ముక్క అనదు.
వాలుగా ఉన్న ప్రతి పలకా పైచలిని అరువు తెచ్చుకుని
నీటికన్నా చల్లని మచ్చై జారిపోతుంది.

ఆ బుధవారం పరీక్ష.
ఎండెల్ తన చెక్క పడవ వెనక
రెండు వందల మీటర్ల తాడుతో ఒక తెప్పను లాగుతున్నాడు.
దాని మీద ఎరలు:
గది మూలలా అతికిన
మూడేసి అల్యూమినియం రేకులు,
సీగల్ పక్షులు అప్పుడే రెట్టలు వేశాయి వాటి మీద.

రాడార్ వాళ్ల ఫోన్:
"పెద్ద ఓడ! తొంభై మీటర్లకు తక్కువుండదు!"
దాన్ని లాగే పడవో, అన్నాను.
"ఏ పడవ?"

మా తెర మీద తొంభై మీటర్ల ఓడ లేదు.
తారు పూసిన పైన్ చెక్క పడవ ఉంది,
బూడిదలో కాల్చిన దుంపలా
వెచ్చగా, బొద్దుగా, దాక్కోవడం తెలియక.

మధ్యాహ్నం గాలి లేచింది.
నురగకు ఎంత వేడో మీకు తెలియదు!
విరిగిన ప్రతి అలా ఒక పడవలా మెరిసింది.
నలభై ఎండెల్‌లు, ఆరొందల ఎండెల్‌లు,
అసలు మనిషి ఎవరో చెప్పలేక
నేను కిటికీ దగ్గరికి వెళ్లి
కళ్లతో వెతుక్కున్నాను, సిగ్గుపడుతూ.

గాలి తగ్గింది. తెప్ప గుట్ట కిందికి వచ్చింది.
లోహం కదా, చల్లని చుక్క కనబడాలి.
కనబడింది వెచ్చని చుక్క.
సన్నగా, నాలుగైదు డిగ్రీలు,
అయినా వెచ్చనే.
రైగో యంత్రాన్ని తిట్టాడు.
ద్రవ నత్రజని బకెట్టు తెచ్చి సరిచూశాడు,
సరిగ్గానే ఉంది.
ఇంకో రెండుసార్లు తిట్టాడు.

అప్పుడు తట్టింది నాకు.
మూడు రేకుల మూల ఎదుటివాణ్ణి ఎటూ పోనివ్వదు.
ఎటునుంచి చూస్తే అటే తిప్పి పంపుతుంది.
రాడార్‌కు దాని కేకే తిరిగొచ్చి
ఓడ అనిపించింది.
మేం కేక వేయలేదు కాబట్టి
మాకు తిరిగొచ్చింది మేమే:
ఈ గది, ఇనుప పొయ్యి, ఎండిన పొదలు,
ఉన్ని స్వెటర్లలో ఇద్దరం.
రైగో కిటికీలోంచి చెయ్యి ఊపాడు.
తెర మీద ఏమీ మారలేదు.

సాయంత్రం ఎండెల్ తాడు చుడుతూ అడిగాడు:
"ఏం లేలో, దొరికానా?"
నువ్వు దొరికావు. ఓడ దొరకలేదు, అన్నాను.
చెక్క మీ చెవికి అంత బాగా వినిపిస్తుందా అన్నాడు.
బాగా, అన్నాను గర్వంగా.

అతను కాసేపు తాడే చుట్టాడు.
"నలభై నాలుగులో మా పెద్దమ్మ
ముగ్గురు పిల్లల్ని తీసుకుని ఇదే రేవునుంచి
స్వీడన్‌కు పోయింది, రాత్రిపూట.
ఇలాంటి చెక్క పడవే.
దీపం ఆర్పారు. చంటిదాని నోటికి గుడ్డ అడ్డం పెట్టారు.
ఒళ్లు వెచ్చగా ఉండకూడదని
ఎవరికి తెలుసు అప్పుడు?"

నివేదికలో "ఎర ఉష్ణోగ్రత" గడి ఉంది.
అంకె రాశాను.
"కారణం" అన్న గడిలో
మేము అని రాసి,
కొట్టేసి,
పరిశీలనా కేంద్రం అని రాశాను.